ముక్కు లోపలికి రెండు

పార్సిల్ యార్డు, డ్రైవర్ల గది
ఆగస్టు 2

మామయ్యా,

నాలుగేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి చింపెయ్యకుండా ఇక్కడిదాకా చదివావంటే సగం పని అయినట్టే. ఫోను చేద్దామంటే నీకు వినపడదు, వినపడినా వినవు. అందుకే కాగితం.

జులై ఇరవై నాలుగున వానలో నా వాను జారింది. రైలు గేటు దాటగానే వచ్చే మలుపు దగ్గర. స్టీరింగు చివరంటా తిప్పాను. బండి తిరగలేదు. చక్రాలు కుడికి చూస్తున్నాయి, బండి ఎదురుగా పోతోంది. తిన్నగా వెళ్ళి పరుపుల గోదాము గోడని గుద్దింది. నాకు నుదురు గీరుకుపోయింది, అంతే. పక్కన కూర్చున్న మూటల తాతకి కుడి మణికట్టు విరిగింది. నీకు గుర్తుండాలి, నీ కాలం నుంచీ లోడింగు చేస్తున్నాడు. ఎముక అతుకుతుంది గానీ అది మళ్ళీ మూటలెత్తే చెయ్యి అవుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. తాత మాత్రం "ఎడం చెయ్యి ఇన్నాళ్ళూ ఊరికే తిరిగింది, ఇప్పుడు పని నేర్చుకుంటుందిలే" అంటున్నాడు. ఆయన అలా నవ్వితే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

నేను ముప్పై స్పీడులోనే ఉన్నాను.

ఆగస్టు ఇరవై ఆరు, సోమవారం విచారణ. వర్క్‌షాపులో నీ కుర్చీలో ఇప్పుడు కూర్చున్న దువ్వెన మేస్త్రీ రిపోర్టు ఇచ్చేశాడు. ముందు టైర్లు రెండూ బయటి అంచుల్లో గాడి అన్నది లేకుండా నున్నగా అరిగాయట. మలుపుల్లో దూకుడుగా తిప్పేవాళ్ళ టైర్లే అలా అరుగుతాయట. కాబట్టి తప్పు డ్రైవరుదట. ఆ టైర్లు వేసి ఐదు నెలలే అయింది మామయ్యా. దానికి ముందువీ అంతే.

విచారణలో అదే ఖాయమైతే యార్డులో పని పోవడమే కాదు, నా లైసెన్సు రద్దు చెయ్యమని పైకి రాస్తారు. బండి నడపడం తప్ప నాకు ఇంకో పని రాదు. రావాలని కోరికా లేదు.

చక్రాల సంగతి నీకంటే తెలిసినవాళ్ళని నేను చూడలేదు. నీ మాట కాగితం మీద రాసిస్తే సోమవారం చూపిస్తాను. అమ్మకి చెప్పలేదు. చెప్తే ఏమంటుందో తెలుసు. "వాడు నిన్ను గట్టెక్కించడే, నిన్ను అడ్డం పెట్టుకుని ఎవడి మీదో కక్ష తీర్చుకుంటాడు" అంటుంది.

నీ మేనకోడలు


మేడమీద గది
ఆగస్టు 6

పిడుగూ,

చింపలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివాను, మురిసిపోకు, దుమ్ము.

ఆ యార్డులో చేరొద్దని చెప్పాను. ఆ దువ్వెన కింద పని చెయ్యొద్దని చెప్పాను. "నీ గొడవలు నీవి, నా స్టీరింగు నాది" అని తలుపు దబాలున వేసుకుని పోయావు. ఆ తలుపు గడియ అప్పటినుంచీ సరిగ్గా పడదు.

ఇక్కడ నాకూ మంచానికీ మధ్య పుస్తకాలే. ఈ మధ్య చరిత్రలు చదువుతున్నాను. యుద్ధం ఓడిన రాజు నెపం సేనాపతి మీద వేస్తాడు. సేనాపతి గుర్రం మీద వేస్తాడు. గుర్రానికి చదువు రాదు కాబట్టి జవాబు చెప్పదు. మీ యార్డులో గుర్రానివి నువ్వే. కాకపోతే నీకు చదువొచ్చు, దానికి తోడు మామయ్య ఉన్నాడు. ఆ సంగతి వాళ్ళు మరిచిపోయారు.

ఆ దువ్వెన నా దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు. అందరి జేబులో స్పానరు ఉంటే వాడి జేబులో దువ్వెన ఉండేది. నేనేం చెప్తే దానికి తల ఊపేవాడు. ఒక్కనాడూ ఎందుకని అడగలేదు. అడగనివాడు నేర్చుకోవడానికి రాలేదని, కాచుకుని కూర్చోవడానికి వచ్చాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. నన్ను ఇంటికి పంపిన రోజు గేటుదాకా వచ్చాడు. నా మొహం చూడలేక తల దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఒకరి కుర్చీ మీద కన్నేసినవాడు ఆ మనిషి కళ్ళలోకి ఎలా చూస్తాడు?

సరే, పని. ముప్పైలో ఉన్నానన్నావు. సరే, ముప్పై.

టైరు మీద అరచెయ్యి ఆనించి బయటి అంచు నుంచి లోపలికి తోసి చూడు. తర్వాత లోపలి నుంచి బయటికి. ఒక దిక్కున నున్నగా జారి, ఇంకో దిక్కున రంపంలా పట్టుకుంటే, ఏ దిక్కో నాకు రాయి. తారుమారు చేశావంటే మొత్తం తారుమారవుతుంది. దూకుడుగా తిప్పినవాడి టైరు భుజాలు, అంటే అంచులు, గుండ్రంగా పోతాయి గానీ టైరు వెడల్పంతా రంపం పళ్ళు లేవవు. గాలి ఎంత ఉందో చూడు. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, ఒక్క బయటిదే కాదు. అన్నిటికంటే ముఖ్యం, మిగతా బళ్ళ టైర్లు చూడు. నువ్వు నడిపేది ఒక్క బండి. నీ దూకుడు పక్కబండికి అంటుకోదు కదా.

తప్పు వర్క్‌షాపుదని తేలితే, పిడుగూ, నేను రాసే మాట వాడి ఎదురుగా నిలబడి చదవాలి. నువ్వే చదవాలి. గట్టిగా.

మామయ్య


పార్సిల్ యార్డు, చీటీల బల్ల
ఆగస్టు 10

మామయ్యా,

బండి తాళం తీసేసుకున్నారు. విచారణ అయ్యేదాకా పార్సిళ్ళ మీద చీటీలు అంటించే పని. నాలిక మీద జిగురు రుచి పోవడం లేదు.

అన్నం వేళకి అందరూ లోపలుంటే నేను బళ్ళ కింద దూరాను. ఉప్పు లోడు తోలే ఆయన చూసి, "ఏమ్మా, టైర్లకి జ్వరం చూస్తున్నావా?" అన్నాడు.

"నీ బండికి కూడా ఉంది, చెయ్యి పెట్టి చూడు" అన్నాను.

నవ్వుతూనే వంగాడు. లేచేటప్పటికి నవ్వు లేదు. "ఇది ఎప్పట్నుంచి?" అని నన్నే అడుగుతాడేంటి!

నువ్వు చెప్పినట్టే చూశాను, తారుమారు కాకుండా చేతి మీద పెన్నుతో బాణం గుర్తులు వేసుకుని మరీ. బయటి నుంచి లోపలికి తోస్తే నున్నగా పోతోంది. లోపలి నుంచి బయటికి లాగితే పట్టుకుంటోంది, గట్టిగా లాగితే చర్మం లేస్తుంది. గాలి అన్నిట్లోనూ సరిగ్గా ఉంది.

యార్డులో పదకొండు బళ్ళు. తొమ్మిదింటికి ఇదే రోగం. అన్నీ నా బండి లాంటివే, ముందు చక్రాలు లాగే కొత్త వాన్లు. మిగతా రెండూ నీ కాలం నాటి ముసలి బళ్ళు, వెనక చక్రాలు తోసేవి. వాటి టైర్లు మాత్రం బుద్ధిమంతుల్లా సమానంగా అరిగాయి.

తొమ్మిది బళ్ళు, తొమ్మిదిమంది డ్రైవర్లు. అందులో ఒకాయన మలుపు వస్తుందంటే అర కిలోమీటరు ముందే బ్రేకు మీద కాలేస్తాడు. ఆయనా దూకుడేనా?

ఇంక పదహారు రోజులే ఉన్నాయి. నీ ఉత్తరం రావడానికే నాలుగు రోజులు. ఆలోచించడం తర్వాత, ముందు రాసి పడెయ్యి.

నీ పిడుగు


మేడమీద గది
ఆగస్టు 14

పిడుగూ,

దొరికాడు.

విను. చక్రాల ముందు కొసల్ని మన షెడ్డులో ముక్కు అంటాం. రెండు ముక్కులూ ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే లోపలికి, ఎడంగా ఉంటే బయటికి. వెనక చక్రాలు తోసే బండిలో ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. రోడ్డు వాటిని వెనక్కి పట్టి లాగుతుంది, చక్రం కీళ్ళలో ఉండే రబ్బరు బుష్షులు కాస్త ఒంగుతాయి, ముక్కులు విచ్చుకుంటాయి. అందుకని నిలబడ్డ బండికి కాస్త లోపలికి పెట్టి పంపిస్తే రోడ్డెక్కాక తిన్నగా అవుతాయి.

ముందు చక్రాలు లాగే బండి దీనికి తలకిందులు. అక్కడ ఆ చక్రాలే బండినంతా ఈడ్చుకుపోవాలి. ఈడ్చేకొద్దీ ముక్కులు వాటంతట అవే లోపలికి మూసుకుంటాయి. అలాంటి బండికి నువ్వు నిలబడ్డప్పుడే లోపలికి పెట్టావనుకో, రోడ్డు మీద ఇంకా లోపలికి పోతాయి. రెండు టైర్లూ బయటి అంచుల మీద రోజంతా రాసుకుంటూ నడుస్తాయి. నీ అరచేతికి తగిలిన రంపం అదే. మలుపులో బరువంతా పడేది ఆ బయటి అంచు మీదే. అక్కడ గాడి లేకపోతే వాన నీళ్ళు పోయే దారి లేదు. బండి నీటి మీద పలకలా జారింది. ముక్కుసూటిగా పోవడం మనిషికి మంచిదేమో గానీ మలుపులో బండికి కాదు.

ఈ బళ్ళకి కొలబద్ద మీద సున్నా పెట్టాలి, లేదంటే అర గీత బయటికి. ఇది ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. ఆ దువ్వెన పుస్తకం తెరవడు. పుస్తకంలో అద్దం ఉండదు కదా.

వేరే కాగితం మీద నా వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. చివరి వాక్యం ఇది: "ఇటువంటి బళ్ళకు ముక్కు లోపలికి పెట్టినవాడు మూర్ఖుడు, పెట్టించినవాడు నేరస్తుడు, ఇద్దరూ ఒకే మనిషి అయితే అతణ్ణి ఏ వర్క్‌షాపులోనూ కాలు పెట్టనివ్వకూడదు."

ఆ వాక్యం దగ్గర ఆగి, వాడి వైపు చూసి, అప్పుడు కూర్చో.

మామయ్య


పార్సిల్ యార్డు, చీటీల బల్ల
ఆగస్టు 17

మామయ్యా,

నీ వాంగ్మూలం ఇంకా ఇవ్వలేదు. ఎందుకో చెప్తాను, కోప్పడకుండా చదువు.

ఇచ్చేముందు వర్క్‌షాపులో ఏ కొలత పెడుతున్నారో కళ్ళారా చూడాలనుకున్నాను. విచారణలో అడిగితే విన్నాను అంటే బాగుండదు కదా. నిన్న షెడ్డులోకి వెళ్ళాను. చక్రాలు కొలిచే గుంట పైన, గోడ మీద, మూరెడు అక్షరాలు. డ్రైవర్లం బండిని షెడ్డు గుమ్మం దగ్గరే అప్పగించి వెళ్ళిపోతాం, అందుకే నాలుగేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

ముక్కు లోపలికి రెండు గీతలు.
ఎవరూ మార్చకూడదు.

మొదటిది నల్ల రంగు, రెండోది నీలం. చిన్నప్పుడు నా నోటుపుస్తకాల అట్టల మీద నువ్వే కదా రాసిచ్చేవాడివి. ఆ అక్షరాలు నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను.

మేస్త్రీ నా వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"అదేంటి అలా చూస్తున్నావు? గురువుగారి రాతేగా" అన్నాడు. ఇప్పటికీ నిన్ను గురువుగారనే అంటాడు మామయ్యా. "పెచ్చు ఊడినప్పుడల్లా ఆ అక్షరాల మీదే మళ్ళీ రంగు వేయిస్తాను. ఏ రంగుకి ఆ రంగే."

"కొత్త బళ్ళకి కూడా ఇదే పెడుతున్నారా?"

"ఇదే. ఇంకేం పెడతాం?"

"ముందు చక్రాలు లాగే బళ్ళకి ఇది పనికిరాదు."

"ఎవరు చెప్పారు?"

నీ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏమని చెప్పను? గోడమీదా నువ్వే, కాగితంమీదా నువ్వే.

ఆయనే మళ్ళీ, "చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. గురువుగారి మేనకోడలివి. నువ్వు ఇక్కడ చేరినప్పుడు ఎంత సంతోషించానో నీకు తెలియదు. కానీ పదకొండేళ్ళు ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన కొలత ఒక్కసారి కూడా తప్పడం చూడలేదు. టైర్లు అలా అరిగాయంటే కొలతలో లోపం ఉండదు, నడిపే చేతిలో ఉండాలి. నిన్ను కాపాడ్డానికి ఆయన తప్పని రాయమంటావా?" అన్నాడు.

దువ్వెన బయటికి తియ్యనైనా లేదు.

నాకు ఒకే ఒక్క సంగతి కావాలి. ఆ రెండో వాక్యం ఎప్పుడు రాశావు? కొత్త బళ్ళు రాకముందా, వచ్చాకా?

నీ పిడుగు


మేడమీద గది
ఆగస్టు 20

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది.

ఆ గోడ మీద నేను రాసిన రోజున ఆ షెడ్డులో ముందు చక్రాలు లాగే బండి ఒక్కటి కూడా లేదు. నేను రాసింది అప్పటి బళ్ళకి. అప్పటికి అది సరైన కొలత. నువ్వే రాశావుగా, ఆ రెండు ముసలి బళ్ళూ ఇవాళ్టికీ సమానంగా అరుగుతున్నాయని.

బళ్ళు మారాక కొలత మార్చుకోవలసింది ఆ కుర్చీలో కూర్చున్నవాడు. గోడకి రంగులు వేయించుకుంటూ కూర్చున్నాడంటే అది వాడి తెలివి. భక్తి వేషం వేసినంత మాత్రాన తప్పు ఒప్పవదు. నాకు వాడి భక్తి అక్కర్లేదు.

నేను రాసిన కాగితం రాసినట్టు ఇచ్చెయ్యి. నీకు లైసెన్సు కావాలా, చర్చ కావాలా?

మామయ్య


మూటల తాత ఇల్లు
ఆగస్టు 23, శుక్రవారం

మామయ్యా,

ఇది టపాలో వెయ్యడం లేదు. మీ వైపు లోడు వేసుకుని వస్తున్న ఉప్పు లోడాయన చేతికిస్తున్నాను. రేపు సాయంత్రం వెనక్కి బయల్దేరతాడు. జవాబు ఉంటే ఆయన చేతికే ఇవ్వు. లేకపోతే లేదని చెప్పి పంపు.

తాతని చూద్దామని వచ్చాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మాటల్లో ఆ గోడ సంగతి అడిగాను. నీ ఉత్తరం గురించి చెప్పలేదు. ఊరికే, ఆ నీలం రాత ఎప్పటిదని అడిగాను.

"ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది నేనే కదమ్మా" అన్నాడు. "కొత్త వాన్లు మూడు దిగిన వారం. వాటి గురించి మూడు రోజులు నేర్పడానికి బళ్ళు చేసిన కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది, చేతిలో లావుపాటి పుస్తకం. మీ మామయ్య మొదటి పూటే అడ్డుపడ్డాడు. 'నేను చక్రాలు కొలవడం మొదలెట్టేనాటికి నువ్వు పుట్టనేలేదు, నాకు నువ్వు నేర్పుతావా' అన్నాడు. పాపం, ఆవిడ మేస్త్రీ చేతిలో పుస్తకం పెట్టి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. మీ మామయ్య అది మేస్త్రీ చేతిలోంచి లాక్కుని, నిచ్చెన వేయించుకుని, నీలం డబ్బా మూత తీసి ఆ రెండో ముక్క రాశాడు. దిగి, 'ఇప్పుడు అర్థమైందా' అని మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ తల ఊపాడు. పై వాళ్ళకి కోపం వచ్చింది అందుకే. నెల తిరక్కుండా మీ మామయ్యని ఇంటికి పంపేశారు."

"మేస్త్రీ పంపించాడు కదూ?"

"వాడా! ఆయన్ని ఉండనివ్వండని మా అందరిచేతా సంతకాలు పెట్టించిందే వాడు. గేటు దగ్గర ఏడుపు ఆపుకోలేక తల దువ్వుకుంటూ నిలబడ్డాడు."

ఇదంతా తాత నవ్వుతూనే చెప్పాడు. ఆయన చెయ్యి విరగడానికీ ఆ నిచ్చెనకీ ఉన్న సంబంధం ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

నేనూ నీకో అబద్ధం రాశాను. ముప్పై కాదు, నలభై ఐదు. ఆ మలుపులో ముప్పై బోర్డు ఉంది. నాలుగేళ్ళుగా ఎండలో నలభై ఐదులో తిరిగిన మలుపే కదా అనుకున్నాను. ఆ రోజు వాన. ఆ ముప్పై చదివినప్పుడే నీకు అనుమానం వచ్చిందని నాకు తెలుసు. ఆ మాట సోమవారం నేనే చెప్తాను. లైసెన్సు పోతే పోనీ. రేపు కూడా మిగతా ఎనిమిది బళ్ళూ అవే టైర్లతో వానలో తిరుగుతాయి. నాకు నిద్ర పట్టనిది దానికి.

నువ్వు రాసిన ఆ కాగితం ఇస్తే నేను గెలుస్తానేమో. మేస్త్రీ పోతాడు. కానీ అది నా చేత్తో ఇవ్వను. దీనితో పాటు తిప్పి పంపిస్తున్నాను.

ఇంకోటి రాస్తావో లేదో నీ ఇష్టం.

పిడుగు


మేడమీద గది
ఆగస్టు 24, శనివారం

పిడుగూ,

డ్రైవరు కింద కూర్చుని టీ తాగుతున్నాడు. పది నిమిషాలన్నాడు. గంట అయింది.

ఆ రెండో వాక్యం కొత్త బళ్ళు వచ్చాకే రాశాను. ఇరవయ్యో తారీకున నీకు రాసింది అబద్ధం. దానికంటే ముందుది ఇంకా పెద్దది. ముసలి బళ్ళు రెండూ సమానంగా అరిగాయని నువ్వు రాసినప్పుడే అది నా కొలతని నాకు తెలిసిపోయింది. తెలిసే ఆ "మూర్ఖుడు, నేరస్తుడు" రాశాను. వాడు ఆ గోడకి ఎప్పుడో సున్నం కొట్టించి ఉంటాడని నా ధైర్యం. నేనైతే కొట్టించేవాణ్ణి.

మీ అమ్మ నా గురించి అనేది నిజమే. నిన్ను అడ్డం పెట్టుకున్నాను.

దీనితో ఉన్నది విచారణవాళ్ళకి. చదివే ఇవ్వు. తిట్లు లేవు.

మామయ్య

*

విచారణ జరుపుతున్న పెద్దలకు,

నేను మీ వర్క్‌షాపులో చక్రాల కొలతలు చూసిన పాత ఫోర్‌మన్‌ని.

ముందు చక్రాలు లాగే మీ తొమ్మిది వాన్లకూ ముక్కు రెండు గీతలు లోపలికి పెడుతున్నారు. అది తప్పు. దానివల్లే టైర్ల బయటి అంచులు అరిగి, జులై ఇరవై నాలుగున ఒక వాను వానలో అదుపు తప్పింది. డ్రైవరు తన వేగం ఎంతో తానే చెప్తుంది. టైర్లకు గాడులు ఉండి ఉంటే ఆ వేగంలో కూడా బండి తిరిగి ఉండేదని నా నమ్మకం. రుజువు చెయ్యలేను.

ఆ కొలత నాది. అది మార్చకూడదని గోడ మీద రాసింది నేను. కొత్త బళ్ళు వచ్చాక రాశాను. సరైన కొలత చెప్పడానికి వచ్చినావిడను నేనే వెళ్ళగొట్టాను. ఆవిడ తెచ్చిన పుస్తకం మేస్త్రీ చదవకుండా నా వెంట ఇంటికి తెచ్చుకున్నాను. ఈ గదిలో నేను తెరవని పుస్తకం అదొక్కటే. ఇవాళ తెరిచాను. కొలత పదిహేడో పేజీలో ఉంది.

ఇంటికి వచ్చిన రెండేళ్ళకే వేరే పుస్తకంలో ఈ సంగతి చదివాను. అప్పుడే ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే అది మేస్త్రీ చదువుతాడని రాయలేదు.

మేస్త్రీ నేను చెప్పింది చేశాడు. ఎందుకని అడిగే అలవాటు అతనికి కానివ్వలేదు నేను.

డ్రైవరు నా మేనకోడలు. బంధుత్వం కోసం అబద్ధం చెప్తున్నానని మీరు అనుకోవచ్చు. అబద్ధాలు చెప్పింది నిజమే, అవి ఆమెకే చెప్పాను.

ఈ కాగితం చూసిన వెంటనే బళ్ళు ఆపించండి. విచారణ తర్వాత చేసుకోవచ్చు.

పుస్తకం ఈ కాగితం తెస్తున్న ఉప్పు లోడు డ్రైవరు చేతే పంపుతున్నాను.


పార్సిల్ యార్డు, డ్రైవర్ల గది
ఆగస్టు 28

మామయ్యా,

సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం పొద్దున్నే యార్డు పెద్దాయన ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. లుంగీతోనే చదివాడు. మొదట "ఆయన ఇంకా ఉన్నాడా!" అన్నాడు. రెండో పేజీకి వచ్చేసరికి ఫోను తీసుకున్నాడు. ఎనిమిది బళ్ళూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

విచారణలో నా నలభై ఐదు నేను చెప్పుకున్నాను. మూడు నెలలు బండి ఎక్కకూడదన్నారు. లైసెన్సు జోలికి పోలేదు. మూడు నెలలు జిగురు నాకాలి, నాకుతాను. తాతకి నేనే అంతా చెప్పాను.  ఈసారి నవ్వలేదు. "మీ మామయ్య అప్పుడు నిచ్చెన గట్టిగా పట్టుకోరా అని నన్ను తిట్టాడు" అన్నాడు. అంతే. ఆయన నిన్ను క్షమించాడని నీకు రాయలేను మామయ్యా. నన్ను కూడా క్షమించాడో లేదో తెలియదు.

నీ కాగితం అందరి ముందూ చదివారు. మేస్త్రీ తల ఎత్తలేదు. ఆయన మీద చర్య ఏమీ లేదు, ఇకనుంచి పుస్తకం చూసి పెట్టాలన్నారు, అంతే. కానీ అందరూ వెళ్ళిపోయాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. పక్కన కూర్చున్నాను.

"ఆయన నా గురించి నీకేమన్నా రాశారా?" అన్నాడు.

"రాశాడు" అన్నాను.

ఏమని రాశావో అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. నీ పాత ఉత్తరాలు ఆయనకి చూపించను. నువ్వే ఒకటి రాయి. వర్క్‌షాపు పేరు మీద వేస్తే చేరుతుంది.

నీ పిడుగు


మేడమీద గది
సెప్టెంబరు 5

మేస్త్రీ గారికి,

గారు అని రాయడం ఇదే మొదటిసారి. చేతికి అలవాటు లేదు, కింద నువ్వు అనే రాస్తాను.

నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. నాలుగింట్లోనూ నన్ను నేను సమర్థించుకున్నాను. ఇందులో ఆ పని చెయ్యను. నువ్వు నన్ను పంపించావని ఇన్నేళ్ళూ కనపడినవాడికల్లా చెప్పాను. నువ్వు సంతకాలు పెట్టించావని మొన్న తెలిసింది. తెలిసిన మొదటి క్షణంలో కూడా నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. నిన్ను తిట్టుకోవడానికి మిగిలిన ఒక్క కారణమూ పోయిందని. అలాంటి మనిషిని నువ్వు గురువుగారన్నావు.

ఒకటి అడగాలి. ఆ గోడ మీద రాత తప్పని నీకు ఎప్పుడైనా అనిపించిందా? అనిపించి నాకు భయపడి ఊరుకుంటే అది నా తప్పు. అసలు అనిపించనే లేదంటే ఇంకా పెద్ద తప్పు నాది.

నేను పదిహేడో పేజీ చదివాను. సున్నా నుంచి అర గీత బయటికి అని ఉంది. అక్కడే కింద, బండి నిండా లోడు ఉన్నప్పుడు వెనక భాగం దిగి, ముందు భాగం లేస్తుంది కాబట్టి కొలిచేటప్పుడు బరువు చూసుకోవాలని ఉంది. ఎంత బరువుతో నిలబెట్టి కొలవాలి, ఖాళీగానా, సగం లోడుతోనా, మూడుసార్లు చదివినా నాకు బోధపడలేదు. ఇప్పటికి తొమ్మిది బళ్ళూ నీ చేతిమీదుగా వెళ్ళి ఉంటాయి.

నువ్వు ఎలా పెట్టావో, ఎందుకు అలా పెట్టావో రాయి. నాకు తెలియదు.